క్లాసిక్ రాక్ ఇష్టపడేవారు గోథిక్ రాక్‌ను ఏ పాటలతో మొదలుపెట్టాలి?

బెంగళూరులో క్లాసిక్ రాక్ చెవిన పడటం కష్టం కాదు. రెస్ట్ హౌస్ రోడ్డులోని పెకోస్ అనే పబ్‌లో కూర్చుంటే చాలు. చీకటి, దిగులు నిండిన గోథిక్ రాక్‌ను మాత్రం మనమే వెతుక్కోవాలి. మారతహళ్లి నుంచి మెజెస్టిక్ దాకా బస్సు ప్రయాణంలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినడానికి అంతకు మించిన సంగీతం నాకు తెలియదు.

ముందుగా లెడ్ జెప్పెలిన్ బ్యాండ్ 1971 నాటి పాట ‘వెన్ ది లెవీ బ్రేక్స్’ మళ్లీ వినండి. డ్రమ్స్‌ను హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మెట్ల దగ్గర కింది హాల్లో పెట్టి, మైకులను పైనుంచి వేలాడదీశారు. ఆ ప్రతిధ్వని నచ్చిందంటే సగం దారి వచ్చేసినట్టే.

తర్వాత బౌహౌస్ బ్యాండ్ 1979లో విడుదల చేసిన ‘బేలా లుగోసీస్ డెడ్’. తొమ్మిది నిమిషాలు దాటే ఈ పాటలో దాదాపు మూడు నిమిషాల వరకు గొంతే వినిపించదు. బేస్ గిటార్ మెల్లగా కిందికి దిగుతూ ఉంటుంది, డ్రమ్ దెబ్బలు ఎకోలో చెదిరిపోతుంటాయి. గోథిక్ రాక్‌కు పునాది ఇదేనని నా గట్టి నమ్మకం. ఓపిక పట్టి పూర్తిగా వినండి, మధ్యలో ఆపకండి.

ద క్యూర్ బ్యాండ్ పాట ‘ఎ ఫారెస్ట్’ (1980) ఇంకా సులువుగా చెవికెక్కుతుంది. చివర్లో వాయిద్యాలన్నీ ఒక్కొక్కటిగా తప్పుకుని బేస్ ఒక్కటే మిగులుతుంది.

సిస్టర్స్ ఆఫ్ మెర్సీ బ్యాండ్‌కు డ్రమ్మర్ లేడు, డ్రమ్ మెషీన్ ఉంది. దానికి డాక్టర్ అవలాంచ్ అని పేరు కూడా పెట్టారు! వారి ‘మరియన్’ తప్పక వినాలి.