అసెంబ్లీ వద్దన్నా తెలంగాణ వచ్చింది కదా, మరి జీఎస్టీకి రాష్ట్రాల ఆమోదం ఎందుకు?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. 2014లో ఉమ్మడి అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరించినా తెలంగాణ ఏర్పడింది. జీఎస్టీకి మాత్రం రాష్ట్రాలు ఒప్పుకోవాలన్నారు. ఎందుకీ తేడా? ఒప్పుకోని రాష్ట్రంలో ఆ సవరణ చెల్లదా? ఇంకో మాట. మా సహకార సంఘం పాలకవర్గం గడువు మీద 97వ రాజ్యాంగ సవరణ ఆధారంగా హైకోర్టుకు వెళ్దామంటున్నారు. కేసు నిలుస్తుందా?

జవాబు: పిటిషన్ వేయకముందే అడిగారు, మంచిదైంది. ముందు మొదటి సందేహం చూద్దాం.

రాష్ట్ర విభజన రాజ్యాంగం 3వ అధికరణ కింద జరిగింది. దాని ప్రకారం రాష్ట్రపతి బిల్లును సంబంధిత శాసనసభకు పంపి అభిప్రాయం అడగాలి. అడగడం వరకే, చెప్పింది వినాలన్న నిబంధన లేదు. పైగా ఇలాంటి చట్టాన్ని రాజ్యాంగ సవరణగా లెక్కించకూడదని 4వ అధికరణ చెబుతోంది. అందుకే 2014 జనవరి 30న ఉమ్మడి అసెంబ్లీ వద్దన్నా, ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. అసెంబ్లీ మాటే చివరి మాట అయ్యుంటే ఆ జూన్ 2 వచ్చేదే కాదు.

జీఎస్టీ మాత్రం రాజ్యాంగ సవరణ, అది సవరణల పద్ధతి చెప్పే 368వ అధికరణ కిందికి వస్తుంది. అక్కడ ఉభయ సభల్లోనూ విడివిడిగా, మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. చాలా సవరణలు దీంతోనే అయిపోతాయి. ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 10 శాతం రిజర్వేషన్ బిల్లు 2019 జనవరి 9న రాజ్యసభ దాటితే, 12న రాష్ట్రపతి సంతకం అయిపోయింది. ఏ అసెంబ్లీనీ అడగలేదు. అడగాల్సిన అంశాలు వేరు: ఏ అంశంపై కేంద్రం, దేనిపై రాష్ట్రం చట్టం చేయాలో చెప్పే ఏడో షెడ్యూలు జాబితాలు, కేంద్ర రాష్ట్రాల శాసనాధికారాలు, పార్లమెంటులో రాష్ట్రాల ప్రాతినిధ్యం, రాష్ట్రపతి ఎన్నిక, సుప్రీంకోర్టు, హైకోర్టులు, ఆఖరికి 368వ అధికరణ కూడా. వీటిని ముట్టుకుంటే, రాష్ట్రపతి దగ్గరికి వెళ్లేలోపే కనీసం సగం రాష్ట్రాల చట్టసభలు ఆమోద తీర్మానం చేయాలి. ఇప్పుడున్న 28 రాష్ట్రాల్లో 14 అన్నమాట. జీఎస్టీ ఆ జాబితాలనే ముట్టుకుంది, అందుకే రాష్ట్రాలను అడిగారు.

ఆ తీర్మానానికి మామూలు మెజారిటీ చాలు. మన ఎమ్మెల్యేలు అవునో కాదో చెప్పాలి తప్ప బిల్లులో కామా కూడా మార్చలేరు. గవర్నర్ సంతకం అక్కర్లేదు, గడువు కూడా లేదు. జీఎస్టీ బిల్లు 2016 ఆగస్టు 8న పార్లమెంటులో పూర్తయితే, 12నే అస్సాం మొదటగా ఆమోదించింది. తెలంగాణ 30న ఆమోదించింది. సెప్టెంబర్ 8న రాష్ట్రపతి సంతకం. నెల రోజుల్లో ఇన్ని అసెంబ్లీలు ఎంత లోతుగా చర్చించాయన్నది వేరే ప్రశ్న, నాకైతే అనుమానమే. సగం రాష్ట్రాలు ఒప్పుకున్నాక మిగతా సగానికి మినహాయింపు ఉండదు. రాజ్యసభలో అప్పటి తమిళనాడు పాలకపక్షం అన్నాడీఎంకే వాకౌట్ చేసింది. అయినా 2017 జూలై 1 నుంచి చెన్నైలోనూ జీఎస్టీ బిల్లులే.

ఇక మీ సొసైటీ సంగతి. సహకార సంఘాలు రాష్ట్ర జాబితాలో 32వ అంశం. 97వ సవరణ ఆ జాబితాలో అక్షరం కూడా మార్చలేదు. కానీ రాజ్యాంగంలో 9-బి భాగాన్ని చేర్చి డైరెక్టర్లు 21 మందికి మించకూడదని, పదవీకాలం ఐదేళ్లని, ఇలా రాష్ట్రాలు ఏం చట్టం చేయాలో తానే చెప్పేసింది. జాబితాను ముట్టుకోలేదు కాబట్టి రాష్ట్రాల ఆమోదం అక్కర్లేదని కేంద్రం వాదించింది. రాష్ట్రాల అధికారానికి ఇలా కళ్లెం వేయడమూ దాన్ని మార్చడమేనని 2021 జూలై 20న సుప్రీంకోర్టు తేల్చింది. పంచాయతీలూ రాష్ట్ర జాబితాలోవే, అందుకే 73వ సవరణకు రాష్ట్రాల ఆమోదం తీసుకున్నారు. 97వ సవరణకు తీసుకోలేదు కాబట్టి రాష్ట్ర పరిధిలోని సంఘాలకు 9-బి వర్తించదు. ఒకటికి మించిన రాష్ట్రాల్లో పనిచేసే సంఘాలకు మాత్రమే మిగిలింది. సంఘం పెట్టుకునే హక్కును 19వ అధికరణలో చేర్చిన ముక్క మాత్రం చెక్కుచెదరలేదు.

మీది ఊరి సొసైటీ. 9-బి చూపించి పిటిషన్ వేస్తే మొదటి వాయిదాలోనే ఈ తీర్పు మీ ముందు పెడతారు. పాలకవర్గం ఎన్నికైన తేదీ, గడువు పొడిగింపు జీవోల నకళ్లు ముందు తీసుకోండి. తెలంగాణకు వర్తించే 1964 సహకార సంఘాల చట్టం ఆ పొడిగింపుకు అధికారం ఇస్తోందా లేదా అన్నదాని మీదే మీ కేసు ఆధారపడుతుంది.