సివిల్ చదివిన అమ్మాయి కాంపోజిట్స్ వైపు వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం. మాస్టర్స్‌లో మల్టీఫంక్షనల్ పాలిమర్ కాంపోజిట్స్ చదువుతానంటోంది. స్ట్రక్చరల్ ఇంజినీరింగే సేఫ్ అని బంధువులు, కాంపోజిట్స్‌దే భవిష్యత్తని ఇంకొందరు. అసలు సివిల్‌లో చేర్చి తప్పు చేశామేమో అనిపిస్తోంది. రెండింటినీ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: పోలిక సంగతి తర్వాత. మీకు నిద్ర పట్టనివ్వనిది ‘తప్పు చేశామేమో’ అన్న మాట. ఇదే మాట ఏటా వింటుంటాను, బ్రాంచి పేరొక్కటే మారుతుంది. మీరేమీ తప్పు చేయలేదు. కాంపోజిట్ అంటే గ్లాస్, కార్బన్ లాంటి పీచు పొరలను రెసిన్ అనే గట్టిపడే జిగురుతో అతికించి చేసేది. బరువు పడితే ఆ పలక ఎక్కడ వంగుతుందో, ఏ పొర ముందు విడిపోతుందో లెక్కగట్టాలంటే స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, స్ట్రక్చరల్ అనాలిసిస్ గట్టిగా రావాలి. ఆ రెండూ మీ అమ్మాయి చదివే వచ్చింది. పాలిమర్ కెమిస్ట్రీ కొత్త. కష్టపడితే అదీ వస్తుంది.

పైగా ఇది సివిల్‌కు పరాయి రంగమేం కాదు. స్విట్జర్లాండ్‌లో లూసెర్న్ దగ్గరి ఇబాఖ్ వంతెనకు ట్రాఫిక్ సిగ్నళ్ల కోసం రంధ్రాలు చేస్తుంటే కాంక్రీటును లోపలి నుంచి బిగించి పట్టే ప్రీస్ట్రెస్సింగ్ తీగలు దెబ్బతిన్నాయి. 1991లో దాన్ని బాగుచేయడానికి 175 కిలోల ఉక్కు పలకలు పట్టే చోట 6.2 కిలోల కార్బన్ ఫైబర్ పట్టీలు అంటించారు. గ్లాస్ ఫైబర్ కడ్డీలు వేసిన కాంక్రీటుకు అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ 2022లో ప్రత్యేకంగా డిజైన్ నిబంధనల కోడే తెచ్చింది.

నాకు అనుమానమల్లా ‘మల్టీఫంక్షనల్’ అన్న మాట మీదే. బరువు మోస్తూనే కరెంటు దాచుకోవడం, తన పగుళ్లను తానే పసిగట్టడం, తానే మాన్పుకోవడం... వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. స్వీడన్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో చూపించిన స్ట్రక్చరల్ బ్యాటరీ కిలోకు 24 వాట్-అవర్లు దాచింది. మామూలు లిథియం బ్యాటరీలో అది ఐదో వంతు. 2024కల్లా 30కి తెచ్చారు, దృఢత్వాన్ని 25 నుంచి 70 గిగాపాస్కల్స్‌కు, అంటే దాదాపు అల్యూమినియం స్థాయికి పెంచారు. గొప్ప పనే, కాదనను. కానీ బరువు మోసేదే బ్యాటరీ కూడా అయితే ఒక్క దెబ్బకు రెండూ పోతాయి. రిపేరు ఎలా? భద్రమేనని సర్టిఫికెట్ ఇచ్చేదెవరు? ఇవి తేలకుండా అది పరిశ్రమలోకి ఎక్కువగా రాదు.

స్వయంగా మానే పాలిమర్ కథా అంతే. 2001లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎపాక్సీ అనే రెసిన్‌లో ద్రవం నింపిన సూక్ష్మ గుళికలు కలిపారు. పగులు వస్తే గుళిక చిట్లుతుంది, ద్రవం పగుల్లోకి పారి గట్టిపడుతుంది. పోయిన గట్టిదనంలో 75 శాతం దాకా తిరిగొచ్చింది. అయితే ఒకసారి చిట్లిన గుళిక ఖాళీయే, అక్కడే మళ్లీ పగిలితే దిక్కు లేదు. కార్బన్ నానోట్యూబులు, అంటే అతి సన్నని కార్బన్ గొట్టాలు కలిపితే కరెంటు పారుతుంది గానీ రెసిన్ చిక్కబడుతుంది, గొట్టాలు ఉండలు కడతాయి. గది ఉష్ణోగ్రత దగ్గర గట్టిపడే మామూలు ఎపాక్సీలు చాలావరకు 60–80 డిగ్రీలకే మెత్తబడతాయి కాబట్టి భవనాల్లో మంటల భయం సరేసరి. ఈ రంగాన్ని పొగిడే వీడియోల్లో ఇవేవీ ఉండవు.

ల్యాబ్‌లో రోజువారీ పనికి ఆ మెరుపులేం ఉండవు. వాక్యూమ్ బ్యాగ్‌లో (పొరలను అదిమిపట్టేందుకు గాలి తీసేసే సంచిలో) గాలి ఎక్కడ లీకవుతోందో వెతకాలి. గట్టిపడిన పలకను నాణెంతో అంగుళం అంగుళం తట్టాలి. పొరలు సరిగ్గా అతుక్కున్న చోట ఖంగుమంటుంది, విడిన చోట మొద్దుగా పలుకుతుంది. మొద్దుగా పలికితే వారం శ్రమ గోవిందా. ఇది విసుగనిపించని వాళ్లే ఈ రంగంలో నిలుస్తారు.

మీ అమ్మాయికి విసుగో ఇష్టమో మీకు తెలుసా? బంధువుల మాట రాశారు, ఇంకొందరి మాట రాశారు. ఆ పిల్ల ఎందుకు చదువుతానందో ఒక్క ముక్క రాయలేదు. అడగలేదనే అనుకుంటున్నాను. నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివిన పిల్లను పక్కనబెట్టి, కాంక్రీటు ముట్టుకోని వాళ్లను సలహా అడగడమేమిటండీ? కోపం తెచ్చుకోకండి, ముందు ఆమెతో మాట్లాడండి.

ఇక పోలిక. స్ట్రక్చరల్‌కు డిజైన్ ఆఫీసులు ఎక్కడైనా ఉంటాయి. కాంపోజిట్స్‌కు విమానాలు, గాలిమరల రెక్కలు, పాత వంతెనల మరమ్మతుల లాంటి చోట్లే గిరాకీ, పరిశోధన ఉద్యోగానికి చాలాచోట్ల పీహెచ్‌డీ అడుగుతారు. నన్నడిగితే డిగ్రీ స్ట్రక్చరల్‌లో, థీసిస్ కాంపోజిట్స్ మీద చేయమంటాను. చేరేముందు ఆ ల్యాబ్‌లో రెసిన్‌ను గట్టిపరిచే క్యూరింగ్ ఓవెన్, టెస్టింగ్ మెషీన్ సొంతంగా ఉన్నాయో లేదో, ఆ ప్రొఫెసర్ దగ్గర చదివినవాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో కనుక్కోమనండి. ఫోన్ మీరు చేయొద్దు, ఆమెనే చేయనివ్వండి.