‘ట్టు’ ఉంటే ఉత్ప్రేక్షేనా?

సందేహం: కథలు రాస్తుంటాను. ఒక కథలో ‘వాన ఏడుపులా ఉంది’ అని రాసి, తృప్తి కలగక ‘ఆకాశం ఏడుస్తున్నట్టు వాన కురుస్తోంది’ అని మార్చాను. రెండూ ఉపమాలంకారాలే అనుకున్నాను. రెండోది ఉత్ప్రేక్ష అని తెలుగు పాఠాలు చెప్పే మిత్రురాలు అంటోంది. ‘లా’, ‘వలె’, ‘ట్టు’ అన్నీ పోలికను చెప్పే మాటలే కదా? అలాగే ‘ముత్యాలు రాలినట్టు నవ్వింది’ వంటివి పాతబడ్డాయి, రాయకూడదు అంటారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ మిత్రురాలి తీర్పు సరైనదే. అయితే ‘ట్టు’ కనిపించింది కాబట్టి ఉత్ప్రేక్ష అని ఆవిడ చెప్పి ఉంటే మాత్రం ఆ కారణం నిలవదు. ‘వలె’ ఉంటే ఉపమ, ‘అన్నట్టు’ ఉంటే ఉత్ప్రేక్ష అని బడిలో బండగుర్తు చెబుతారు. మార్కులకు అది చాలు. కథ రాసేవారికి చాలదు.

ఈ తగవు చాలా పాతది. శూద్రకుని సంస్కృత నాటకం మృచ్ఛకటికంలో చీకటిని వర్ణించే శ్లోకం ఒకటి ఉంది: ‘లింపతీవ తమోఽంగాని, వర్షతీవాంజనం నభః’. చీకటి ఒళ్ళంతా పూస్తున్నట్టుంది, ఆకాశం కాటుక కురుస్తున్నట్టుంది అని భావం. ఇందులో ‘ఇవ’ (‘వలె’, ‘అన్నట్టు’) అనే మాట ఉంది కనుక ఉపమ అని కొందరు అనుకున్నారు. సంస్కృత అలంకారికుడు దండి తన కావ్యాదర్శంలో వారిని తప్పుబట్టాడు. ‘ఇవ’ వినబడగానే ఉపమ అని భ్రమపడుతున్నారు, క్రియాపదం ఉపమానం (పోలికకు తెచ్చుకున్న వస్తువు) కాదన్న పెద్దల మాటను మరిచిపోతున్నారు అని ఆయన వాదం. నిజమే, పోలికకు రెండు వస్తువులుండాలి. ఇక్కడ చీకటిని పోల్చిన రెండో వస్తువు ఏది? వెతికినా దొరకదు. చీకటికి చేతులు లేవు, అది దేన్నీ పూయదు. అయినా పూస్తోందని కవి ఊహించాడు. ఆ ఊహే ఉత్ప్రేక్ష.

తెలుగుకు వచ్చేసరికి దండి మాటను ఉన్నదున్నట్టు దించుకుంటే చిక్కు వస్తుంది. మనకు ‘ఇవ’ వంటి ఒక్క మాటే అన్ని చోట్లా పనిచేయదు. నామపదానికి ‘లా’, ‘లాగా’, ‘వలె’ చేరతాయి: పువ్వులా, నిప్పులా, నీలాగా. క్రియ అయితే ‘ట్టు’ వస్తుంది: పూసినట్టు, కాలుతున్నట్టు, చూడనట్టు. అంటే ‘ట్టు’ క్రియకు తగిలించే కొక్కెం, అంతే. దాన్ని ఉపమకూ వాడతాం, ఉత్ప్రేక్షకూ వాడతాం. నమ్మకం కుదరకపోతే మన సామెతలు చూడండి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు. అన్నీ ‘ట్టు’తోనే ముగుస్తాయి, అన్నీ అచ్చమైన పోలికలే.

మరి తేడా పట్టుకోవడం ఎలా? ‘ట్టు’కు ముందున్న పనిని చేసేది ఎవరో చూడండి. మాట వినని తమ్ముడికి బుద్ధి చెబుతున్న అక్క గురించి ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు’ అన్నామనుకోండి. సామెతలో శంఖం ఊదేవాడు వేరు, ఆ అక్క వేరు. ఇద్దరున్నారు, ఇద్దరి పనినీ పక్కపక్కన పెట్టాం, కాబట్టి అది ఉపమ. మీ వాక్యంలో ఏడుస్తున్నది ఆకాశమే, వర్ణనకు వచ్చిందీ ఆకాశమే. ఉన్నది ఒక్కటే వస్తువు, దానికి లేని పనిని అంటగట్టాం, కాబట్టి ఉత్ప్రేక్ష. ఇంకో షరతు కూడా ఉంది. అంటగట్టిన పని జరగడం లేదని రాసేవారికీ చదివేవారికీ తెలిసి ఉండాలి. ‘ఆమె అలసిపోయినట్టుంది’ అంటే అది మామూలు అంచనా. ‘ఏమీ తెలియనట్టు కూర్చున్నాడు’ అంటే నటన. ‘నాన్న చెప్పినట్టు చేశాను’ అంటే విధేయత. వీటిలో అలంకారం ఏదీ లేదు.

ఇక మొదటి వాక్యం మీకు ఎందుకు నచ్చలేదో చూద్దాం. నాకు అసలు సంగతి అక్కడే ఉందనిపిస్తోంది. ‘వాన ఏడుపులా ఉంది’ అన్నారు. ఏ విషయంలో? చప్పుడులోనా, ఆగకపోవడంలోనా, వినేవారికి కలిగే విసుగులోనా? ఉపమేయం (వర్ణిస్తున్న వాన) ఉంది, ఉపమానం (ఏడుపు) ఉంది, ఉపమావాచకం (‘లా’) ఉంది. వానకూ ఏడుపుకూ ఉమ్మడిగా ఉన్న గుణం, అంటే సాధారణ ధర్మం, లేదు. ధర్మాన్ని చెప్పకుండా వదిలేయడం తప్పు కాదు, దానికి లుప్తోపమ అని పేరే ఉంది. కానీ చెప్పకపోయినా తెలియాలి. నన్నయ ఆదిపర్వంలో ‘నిండు మనంబు నవ్యనవనీతసమానము, పల్కు దారుణాఖండలశస్త్రతుల్యము’ అన్నాడు. బ్రాహ్మణుల మనసు వెన్న, మాట ఇంద్రుడి వజ్రాయుధం అని. మెత్తదనం అనే మాట పద్యంలో ఎక్కడా లేదు. ‘నవ్య’ ఉంది. అప్పుడే తీసిన వెన్న అనగానే వేలికి ఆ మెత్తదనం తగులుతుంది. కవి ధర్మాన్ని దాచిపెట్టి, దాని దారి చూపించే విశేషణాన్ని మాత్రం ఉంచాడు. మీరూ ‘పాలు దొరకని పసిపిల్ల ఏడుపులా వాన’ అని ఉంటే ఆగని సన్నని రొద దానంతట అదే వినబడేది.

పోలిక ఎవరి కళ్ళతో చూస్తున్నదో కూడా ఆలోచించండి. మీ కథలో వానను చూస్తున్నది నేత పనివాడైతే అతనికి ఏడుపు కన్నా ముందు పడుగు దారాలు గుర్తుకు రావచ్చు. సన్నగా, వరసగా, ఎడం చెడకుండా దిగే దారాలు. పాత్రకు తెలియని లోకం నుంచి తెచ్చిన ఉపమానం ఎంత అందంగా ఉన్నా అది రచయిత గొంతే అవుతుంది.

పాతబడ్డ పోలికల మాటకు వస్తే, పాతవన్నీ పారేయమనే సలహా నాకు నచ్చదు. ‘కళ్ళు కాయలు కాచాయి’ అన్నప్పుడు ఎవరూ చెట్టును తలచుకోరు. అది పోలిక దశ దాటి జాతీయమైపోయింది, నిశ్చింతగా వాడండి. ‘ముత్యాల్లాంటి అక్షరాలు’ అని మీ కథలో మాస్టారు అంటే అది ఆయన నోటికి సహజమే. ఇబ్బంది అంతా మధ్యలో ఉన్నవాటితో. ‘ముత్యాలు రాలినట్టు నవ్వింది’ అలాంటిదే. జాతీయంలా నలగలేదు, కొత్తగా మెరవదు. అయినా తెలుగులో నవ్వుకు ఎన్ని మాటలు! కిలకిల నవ్వింది, పకపక నవ్వింది, ముసిముసిగా నవ్వింది, విరగబడి నవ్వింది, ఇకిలించింది. వీటిలో ఏ ఒక్కదాన్ని ఎంచుకున్నా ఆ మనిషి కనబడుతుంది. ముత్యాలు ఎన్ని రాల్చినా కనబడదు.

జాతీయాలతో ఒక ప్రమాదం మాత్రం ఉంది: రెండింటిని పక్కపక్కన పెడితే చచ్చిన పోలికలు లేచి కూర్చుంటాయి. ‘కోపం కట్టలు తెంచుకుని భగ్గుమంది’ అని ఈ మధ్య ఒక అచ్చుకథలో చదివాను. కట్టలు తెంచుకునేది నీరు, భగ్గుమనేది నిప్పు. విడివిడిగా ఎవరూ పట్టించుకోని మాటలు, కలిసేసరికి నవ్వు తెప్పించాయి.

‘వలె’కూ ‘లా’కూ అర్థంలో తేడా లేదు. ‘వలె’ కొంచెం గ్రాంథికపు వాసన వేస్తుంది, అంతే. కరణి, పగిది, మాడ్కి, చందము పద్యకవికి యతిప్రాసలలో అక్కరకొచ్చేవి. వచనంలో వాటి పని లేదు. సంభాషణల్లో అయితే పాత్ర ఊరిని బట్టి ‘పులి లెక్క’, ‘పులి మాదిరి’ అనిపించవచ్చు. ‘గా’ను మాత్రం వీటితో కలపకండి. ‘తండ్రిగా చెబుతున్నాను’ అన్నవాడు తండ్రే. ‘తండ్రిలా చెబుతున్నాను’ అన్నవాడు కాడు.

చివరిగా మీ వాన గురించి. రోజుల తరబడి వదలకుండా సన్నగా పడే వానకు మనకు ‘ముసురు’ అనే మాట ఉంది. తుంపర, జల్లు, జడివాన, కుంభవృష్టి దేనికదే వేరు. మీరు రాసింది ముసురు గురించే అయితే, ‘మూడు రోజులుగా ముసురు’ అని రాసి ఏడుపును కొట్టేయండి. ఆకాశాన్ని ఏడిపించాలనే ఉంటే ఆ వాక్యాన్ని కథలో ఎవరైనా నిజంగా ఏడ్చే చోటికి దూరంగా పెట్టండి.