ఎరిస్ మీద వ్యాసం రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

నెప్ట్యూన్‌కి అవతల తిరిగే మరుగుజ్జు గ్రహం ఎరిస్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం నడపడం నీకు వచ్చు, దాని గురించి చెప్పను. మొదటి పేరాలో ‘అనంత శూన్యం’, ‘శాశ్వత శీతలం’, ‘ఏకాకి ప్రపంచం’ అన్నావు. ఆ మాటలు అక్కడే ఎక్కడో తిరిగే సెడ్నాకీ సరిపోతాయి, మకేమకేకీ సరిపోతాయి. ఎరిస్‌కి మాత్రమే చెందింది అందులో ఏముంది?

అది దొరికిన తీరు చూడు. కాలిఫోర్నియాలోని పాలోమార్ అబ్జర్వేటరీలో 2003 అక్టోబర్ 21న తీసిన ఫొటోల్లోనే ఎరిస్ ఉంది. కానీ మరీ నెమ్మదిగా జరిగే చుక్కల్ని కంప్యూటర్ పక్కన పెట్టేసేది. వాటినీ లెక్కలోకి తీసుకుంటే ఉత్తుత్తి చుక్కలు వేలకు వేలు వచ్చిపడతాయి మరి. ఆ తర్వాత సెడ్నా దొరికింది. దాని వేగం ఆ హద్దుకు కాస్త పైన ఉందంతే. ఇంకా మెల్లగా కదిలేవీ ఉండొచ్చు కదా అని ఖగోళ శాస్త్రవేత్తలు మైక్ బ్రౌన్, చాడ్ ట్రుహియో, డేవిడ్ రబినోవిట్జ్ హద్దు తగ్గించి పాత ఫొటోల్ని మళ్లీ జల్లెడ పట్టారు. 2005 జనవరి 5న ఎరిస్ బయటపడింది. ఇంత కథని నువ్వు ‘2005లో కనుగొన్నారు’ అని తేల్చేశావు! నీ వ్యాసం మొదలవ్వాల్సింది ఇక్కడే.

‘ప్లూటో కన్నా పెద్దది’ అని రాశావు. మొదట్లో అందరూ అలాగే అనుకున్నారు. 2010 నవంబర్‌లో ఎరిస్ ఒక నక్షత్రానికి అడ్డొచ్చింది. చిలీలో రెండు చోట్ల నుంచి, ఆ నక్షత్రం ఎంతసేపు మాయమైందో కొలిచారు. దాన్నిబట్టి ఎరిస్ అడ్డకొలత 2326 కిలోమీటర్లని తేలింది. 2015లో న్యూ హొరైజన్స్ అనే వ్యోమనౌక దగ్గరికెళ్లి చూస్తే ప్లూటో 2377. అడ్డకొలతలో ప్లూటోదే పైచేయి, బరువులో మాత్రం ఎరిస్ దాదాపు 27 శాతం ఎక్కువ. అక్కడికి ఎవరూ వెళ్లకుండా బరువెలా తెలిసిందని పాఠకుడు అడుగుతాడు. దానికి డిస్నోమియా ఉంది. ఆ ఉపగ్రహం ఎంత దూరంలో, ఎన్ని రోజులకోసారి ఎరిస్‌ని చుట్టివస్తోందో తెలిస్తే చాలు, లెక్క వచ్చేస్తుంది. నీ వ్యాసంలో డిస్నోమియా పేరే లేదు.

చలిని లంబసింగితో పోల్చావు. ఎరిస్ మీద సున్నాకు 230, 240 డిగ్రీలు కింద. లంబసింగి ఏం పాపం చేసిందయ్యా, తీసెయ్.

‘మార్పెరుగని లోకం’ అన్నది కూడా నిలవదు. సూర్యుణ్ణి చుట్టడానికి ఎరిస్‌కి సుమారు 560 ఏళ్లు పడుతుంది. దగ్గరికొచ్చినప్పుడు భూమికున్న దూరానికి 38 రెట్లు, దూరం పోయినప్పుడు 97 రెట్లకు పైనే. ఇప్పుడు ఆ కొస దగ్గరే ఉంది. పలచటి వాతావరణం ఏమైనా ఉంటే అది గడ్డకట్టి నేల మీద పడిపోయి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. పడ్డ కాంతిలో 96 శాతాన్ని తిప్పికొట్టేంత తెల్లగా ఉండటానికి కారణం ఆ తాజా మంచే కావచ్చంటారు. 2257 ప్రాంతంలో సూర్యుడికి దగ్గరైనప్పుడు ఆ మంచులో కొంత మళ్లీ ఆవిరవ్వొచ్చు. ‘అంచనా’, ‘కావచ్చు’ అన్న మాటల్ని మొహమాటం లేకుండా వాడు. కొలిచినదానికీ ఊహించినదానికీ మధ్య గీత పాఠకుడికి కనబడాలి.

‘ప్లూటోని చంపిన గ్రహం’ అన్న శీర్షిక మార్చు. ప్లూటోని గ్రహాల జాబితాలోంచి తీసేసిన 2006 ప్రాగ్ ఓటింగు గురించి రెండు పేజీలు అక్కర్లేదు, నాలుగు వాక్యాల్లో ముగించు. మిగిలిన చోటు డిస్నోమియాకివ్వు. నెలాఖరులోగా తిరగరాసి పంపితే చూస్తాను.

మీ అన్నయ్య