క్వేకర్ల ఆరాధనలో గంటసేపు ఊరికే కూర్చుంటారా? వెళ్ళే మనిషిగా నా జవాబు

"పాస్టరు లేడు, పాటల్లేవు, గంటసేపు నోరు మూసుకుని కూర్చుంటే అది ఆరాధన ఎలా అవుతుంది, ఎవరైనా వెళ్ళి చూశారా" అని అడిగారు. నేను ఇంగ్లండ్‌లో లాంకషైర్‌లోని ఒక చిన్న ఊళ్ళో ఉంటాను, ఇక్కడి క్వేకర్ల (ఇంగ్లండ్‌లోనే పుట్టిన ఒక క్రైస్తవ శాఖ) మీటింగ్‌కి, అంటే ఆరాధనకి, చాలా ఏళ్ళుగా వెళ్తున్నాను. మాది గుంటూరు లూథరన్ కుటుంబం, మైకు లేకుండా దేవుడికి వినపడదనుకునే వాతావరణంలో పెరిగాను. కాబట్టి మీ అనుమానం నాకు బాగా తెలుసు.

మౌనం అసలు కష్టమే కాదండీ. కుర్చీలు గుండ్రంగా వేసి ఉంటాయి, మధ్యలో బల్ల, దాని మీద పూలు, ఒక బైబిలు. ఎవరికైనా లోపలి నుంచి ప్రేరణ కలిగితే లేచి రెండు మూడు నిమిషాలు మాట్లాడి కూర్చుంటారు. దానికి ఎవరూ జవాబు చెప్పరు, వాదించరు. కొన్ని వారాలు ఎవరూ లేవరు, అదీ ఆరాధనే. చివర్లో ఎల్డర్లు (ఆరాధన సవ్యంగా సాగేలా చూసే పెద్దలు) ఇద్దరు చేతులు కలుపుకుంటే అయిపోయినట్టు.

కష్టమంతా వేరేచోట ఉంది, దాని గురించి ఎవరూ అడగరు. ఆరాధన అయ్యాక కొన్ని ఆదివారాల్లో లెక్కలూ నిర్ణయాలూ మాట్లాడుకునే సమావేశం ఉంటుంది. అందులో ఓటింగ్ ఉండదు. పదిహేను మందిలో పద్నాలుగు మంది సరే అన్నా సరిపోదు. సమావేశాన్ని నడిపే క్లర్క్ అనే ఆయన అందరి మాటా విని, సభ మనసు ఎటు ఉందో చూసి, అక్కడికక్కడే మినిట్, అంటే నిర్ణయాన్ని నమోదు చేసే నాలుగు మాటలు, రాసి చదువుతాడు. ఆయన రాస్తున్నంతసేపూ మిగతావాళ్ళు మాట్లాడకుండా కూర్చోవాలి. అందరూ ఒప్పుకుంటేనే అది నిర్ణయం.

ఒకసారి మా హాలు అద్దెకి కావాలని ఆర్మీ క్యాడెట్ల వాళ్ళు అడిగారు, మన ఎన్‌సీసీ లాంటిదే, బడి పిల్లలు. పైకప్పు కారుతోంది, డబ్బు అవసరం. కానీ క్వేకర్లు 1660ల నుంచీ యుద్ధం వద్దని చెప్తూ, అందుకోసం జైళ్ళకి వెళ్ళినవాళ్ళు. మా దగ్గర ఎనభై దాటిన పెద్దాయన ఒకరున్నారు, రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ళ నాన్న తుపాకీ పట్టనని చెప్పి అంబులెన్సు నడిపారట. (ఇక్కడ బిరుదులూ గౌరవవాచకాలూ వాడరు, అందరినీ పేరు పెట్టే పిలవాలి, ఆయన్ని అలా పిలవడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.) ఆయన లేచి, మన గోడల మధ్య కవాతు జరిగితే నేను ఇక్కడ కూర్చోలేను అన్నారు. ఆయన పక్కనే ఉన్న ఆవిడ మనవడు సైన్యంలో ఉన్నాడు. ఆవిడ చాలాసేపు ఆగి, "అయితే నా మనవడు వస్తే గుమ్మం బయట నిలబెడతారా?" అంది.

ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. మన దగ్గరైతే ఈపాటికి కుర్చీలు లేచేవి. క్లర్క్ తలొంచుకుని రాసి చదివాడు: మనం ఇంకా సిద్ధంగా లేము, వచ్చే నెల మళ్ళీ కూర్చుందాం. ఒప్పుకున్నారు. ఆ నెలలో క్యాడెట్లు వేరే హాలు చూసుకున్నారు, అద్దె పోయింది, పైకప్పు ఇంకో చలికాలం కారింది. కోశాధికారికి ఒళ్ళు మండింది. కానీ ఆ మాటలనుకున్న రోజే ఆ పెద్దాయన కప్పులు కడుగుతుంటే ఆవిడ పక్కన నిలబడి తుడిచింది, ఇద్దరూ మొక్కల గురించి మాట్లాడుకుంటున్నారు. పక్క పట్నంలో తెలుగు సంఘం ఒకటి ఉండేది, ఉగాది ఎక్కడ చెయ్యాలని ఓటింగ్ పెట్టుకుని ఇప్పుడు రెండు సంఘాలయ్యాయి, రెండు ఉగాదులు, రెండు వాట్సాప్ గ్రూపులు, నన్ను రెండింట్లోనూ చేర్చారు. ఓటింగ్ అనేది ఓడినవాళ్ళని తయారుచేసే యంత్రం అని నా గట్టి అభిప్రాయం, మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్లలో ఒక్క ఏడాది ఈ పద్ధతి పెడితే కార్ పార్కింగ్ గొడవలు సగానికి తగ్గుతాయి.

ఇబ్బందులు లేవని కాదు. జీతం తీసుకునే పాస్టరు లేడంటే పనంతా మన మీదే. పదిహేను మంది ఉన్నచోట ఒక్కొక్కరికి మూడేసి బాధ్యతలు, కాస్త వయసు తక్కువున్న మనిషి కనపడితే చాలు ఎవరికి ఏ పని అప్పగించాలో చూసే నామినేషన్ల కమిటీ వాళ్ళు నవ్వుతూ దగ్గరికి వస్తారు. యువకులు తక్కువ. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ (ఇప్పుడు నర్మదాపురం), ఇటార్సీ వైపు క్వేకర్లు చాలాకాలం పనిచేశారు, 1947లో వీళ్ళ సేవాసంస్థలకి నోబెల్ శాంతి బహుమతి కూడా వచ్చింది, అయినా మనవాళ్ళలో చాలామందికి క్వేకర్ అంటే ఓట్స్ డబ్బా మీద బొమ్మే.

వెళ్ళాలనుంటే ముందు చెప్పక్కర్లేదు, ఏ బట్టలైనా పరవాలేదు, కానుకల పళ్ళెం మీ ముందుకి రాదు. ఫోన్ ఆపెయ్యండి. స్వెట్టరు వేసుకెళ్ళండి, ఆ పాత భవనాల్లో హీటర్ ఉందంటే ఉందంతే. టీ మాత్రం ఇంట్లో తాగి బయల్దేరండి, అక్కడ ఇచ్చేది తాగలేరు.