అన్‌డిఫైన్డ్ దగ్గర జాగ్రత్త

హన్మకొండ

బిడ్డా,

ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాల లెక్కకు నువ్వు రాసిన జావాస్క్రిప్ట్ కోడ్ చదివిన. మొత్తం రావాల్సిన కాడ 'నాన్' (NaN, అంటే 'అంకె కాదు' అని) ఎందుకొస్తున్నదని అడిగినవు. ఒక బస్తాకు బరువు ఎక్కలేదు, అది అన్‌డిఫైన్డ్‌గ, అంటే విలువ ఇయ్యకుంటనే, ఉండిపోయింది. అన్‌డిఫైన్డ్‌కు ఏ అంకె కలిపినా నానే వస్తది. అక్కడ నల్ (ఖాళీ అని మనమే పెట్టే విలువ) ఉంటే సున్న లెక్కన కలిసిపోయేది. నాకు దాని భయమే ఎక్కువ. రైతు బస్తా ఒకటి లెక్కల లేకున్నా స్క్రీన్ మీద మొత్తం మంచిగనే కనిపిస్తది. ఇంకోటి, నాన్‌ను జేసన్‌గ (డేటా పంపే రాత రూపం) మార్చి సర్వర్‌కు పంపితే అది నల్ అయితది. అన్‌డిఫైన్డ్ ఉన్న ఫీల్డ్ అయితే పేరుతో సహా ఎగిరిపోతది.

అసలే లేని పేరు వేరు, ఉండి విలువ లేని పేరు వేరు. లేని పేరును చదివితే రిఫరెన్స్ ఎర్రర్ వస్తది. కానీ ఏ రకం విలువో చెప్పే టైప్‌ఆఫ్‌తోని అడిగితే రెండింటికీ 'అన్‌డిఫైన్డ్' అనే చెప్తది. దాన్ని నమ్మి పరీక్ష పెట్టకు.

పేరును ప్రకటించే పాత మాట వార్‌తో రాసిన పేరు ఫంక్షన్ల ఎంత కిందున్నా మొదటి నుంచే ఉన్నట్టు లెక్క, విలువ మాత్రం ఆ లైన్ కాడికి పోయినంకనే. 2015ల వచ్చిన లెట్, కాన్స్ట్ అట్ల కాదు. ఆ లైన్ కంటే ముందు ముట్టుకుంటే ఎర్రర్ ఇస్తయి, టైప్‌ఆఫ్‌తో అడిగినా సరే. అందుకే వార్ వాడుడు బంద్ చెయ్యి.

నీ కోడ్‌ల 'మొత్తం' పేరు ఒక కాడ అక్షరం తప్పు పడ్డది. ఎర్రర్ రాలేదు, చప్పుడు లేకుంట కొత్త గ్లోబల్ వేరియబుల్ పుట్టింది. 2009ల వచ్చిన స్ట్రిక్ట్ మోడ్ (ఇసొంటి తప్పులను గట్టిగ పట్టే పద్ధతి) పెట్టుంటే అక్కడనే ఆగేది. ఫైల్‌ను మాడ్యూల్ చేస్తే ఆ మోడ్ దానంతట అదే వస్తది. 1995ల బ్రెండన్ ఐక్ పది రోజులల్ల తొలి రూపం రాసిన భాష ఇది. పాత పేజీలు చెడిపోవద్దని ఇసొంటివి ఇంకా ఉంచిన్రు.

బరువును కూడేముందు నంబర్ డాట్ ఈజ్‌ఫైనైట్‌తో అది సరైన అంకేనా అని చూడు. నల్, నాన్, అన్‌డిఫైన్డ్ మూడూ అక్కడ దొరుకుతయి. దొరికితే సున్న పెట్టకు, బిల్లు ఆపు. ఆ బస్తా మళ్ల తూకం వెయ్యాల్నా ఏందన్నది తూకం వేసే దడువాయిలను అడిగి రాయి. మార్చినంక కోడ్ నాకు పంపు, చూస్త.

నీ పెద్దమ్మ