తడి కనిపించిన చోటే చిల్లు ఉండదు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు కొన్న పాత ఫైబర్ బోటులోకి నీళ్లు వస్తున్నాయని, వెనక మూల ఎమ్‌సీల్ పెట్టినా ఆగలేదని అక్క ఫోన్‌లో చెప్పింది. ఇంకో ప్యాకెట్ కొనకు. ముందు నేను రాసింది పూర్తిగా చదువు.

నీళ్లు ఎక్కడ నుంచి దిగినా పల్లానికే పోతాయి. ఇంజన్ బరువుకి మన బోట్ల పల్లం ఎప్పుడూ వెనకే. అందుకే ముందు భాగంలో పగులు ఉన్నా తడి వెనక మూలే కనిపిస్తుంది. నువ్వు మాసిక వేసింది నీళ్లు చేరిన చోట. అవి దూరిన చోటు వేరే ఉంది. దాన్ని పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

బోటు కదపకముందే నీళ్లు ఎప్పుడెప్పుడు వస్తున్నాయో గమనించు. ఇంజన్ ఆపి ఊరికే ఉంచినా వస్తుంటే చిల్లు అడుగున ఉంది, లేదా నీళ్లు వదిలే బిరడా దగ్గర ఉంది. బిరడా రబ్బరు ముందు చూడు, చాలాసార్లు గోల అక్కడే తీరిపోతుంది. ఇంజన్ నడిచినప్పుడే వస్తుంటే ఇంజన్ బిగించిన వెనక పలకని, దాని బోల్టుల్ని అనుమానించు. వలలు, చేపలు నిండాకే వస్తుంటే చిల్లు కాస్త పైన ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు అది నీటికి పైనే ఉంటుంది, బరువుకి బోటు దిగాక మునుగుతుంది. వేటకి వెళ్లకపోయినా తెల్లారేసరికి నీళ్లుంటే అది వాన నీరు కావచ్చు, నాలుక మీద వేసుకుంటే తెలుస్తుంది. కానీ బోటుని వంశధార మొగలో, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, కట్టినప్పుడు ఆ రుచిని నమ్మకు. వరద రోజుల్లో అక్కడ ఏటి నీరే తియ్యగా ఉంటుంది.

తర్వాత బోటుని ఒడ్డుకి లాగించి, లోపలా బయటా మంచినీళ్లతో కడిగి ఎండబెట్టు. ఇసక బస్తాల మీద ఎత్తి నిలబెట్టు, అడుగు మొత్తం కంటికి కనిపించాలి. అప్పుడు లోపల బెత్తెడు ఎత్తు నీళ్లు పోసి, బట్టలకి పెట్టే నీలిమందు కలుపు. నింపెయ్యకు. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు, పాత అడుగు ఆ బరువుకే పగిలిపోతుంది. బస్తాలు కూడా మధ్యలో రెండే కాకుండా పొడుగునా పెట్టు. ఇక కింద కూర్చుని ఓపిగ్గా చూడు. మొదట ఏమీ కనిపించదు. కాసేపటికి తెల్లటి ఫైబర్ మీద వెంట్రుకంత నీలం గీత తేలుతుంది, దాని చివర ఒక బొట్టు ఉబ్బి, ఆగి, ఇసకలో పడుతుంది. అదే నీ చిల్లు. వెంటనే పెన్సిల్‌తో చుట్టు గియ్యి, ఆరాక కనిపించదు.

మన తీరంలో నేను ముందు వెతికేది అడుగు మధ్య గీతని, అందులోనూ వెనక సగాన్ని. మనకి బోటు కట్టుకునే జెట్టీలు తక్కువ. భావనపాడు అయినా బారువ అయినా రోజూ ఇసక మీద లాగడమే. మనుషులు తోసినా, ట్రాక్టర్‌తో లాగినా ఇసక ఆకురాయిలా అరగదీస్తుంది. పై నున్నటి పొర పోయి లోపలి మ్యాట్ (గాజు పోగుల గుడ్డ) పోగులు బయటపడితే అవి నీళ్లు పీల్చుకుంటాయి. చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టి చూడు. గట్టి చోట టక్ టక్ అని ఖంగున మోగుతుంది, పొరలు విడిపోయిన చోట డొల్లగా పలుకుతుంది. కంటికి బాగానే కనిపించే చోట కూడా తట్టు.

వెనక పలక సంగతి వేరు. చాలా బోట్లకి రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. ఇంజన్ కాలు, అంటే నీళ్లలోకి దిగే కింది భాగం, పట్టుకుని నెమ్మదిగా పైకి ఎత్తు, పలక కదిలితే లోపల చెక్క మెత్తబడినట్టే. ఒక బోల్టు ఊడదీసి రంధ్రంలో స్క్రూడ్రైవర్‌తో గీకు. నల్లటి తడి పొట్టు వస్తే పైపైన సీలెంట్ పూసి సముద్రంలోకి వెళ్లడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే. అది పనివాడితో చెక్క మార్పించాల్సిన పని. చెక్క గట్టిగా ఉంటే బోల్టులన్నీ తీసి, రంధ్రాలు ఆరబెట్టి, పాలీయురేథేన్ సీలెంట్‌తో మళ్లీ బిగించు. సిలికాన్ వాడకు. నీటి కింద నిలవదు, పైగా దాని జిడ్డు అంటిన చోట రేపు రెజిన్ (ఫైబర్ మాసికకి వాడే జిగురు) పట్టదు.

అడుగు మాసికకి వేట నిషేధం రోజులే సరైనవి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు బోటు ఎలాగూ ఒడ్డునే ఉంటుంది, ఎండా ఉంటుంది. తప్పంతా ఆరకుండానే వేసెయ్యడంలో ఉంటుంది, నువ్వు ఆ పని చెయ్యొద్దు. ఉప్పు ఉంటే తేమని లాక్కుంటుంది, అందుకే మంచినీళ్లతో మళ్లీ మళ్లీ కడుగు. కొన్నాళ్లు ఎండనిచ్చి, ఆ చోట పారదర్శకమైన పాలిథిన్ ముక్క పెట్టి నాలుగు వైపులా టేప్ అంటించి ఒక రోజు ఉంచు. లోపల చెమట పడితే ఇంకా ఆరలేదు.

ఆరాక గ్రైండర్‌తో పగులు చుట్టూ ఏటవాలుగా చెక్కు. ఫైబర్ 5 మిల్లీమీటర్ల మందం ఉంటే పగులుకి ప్రతి వైపూ 6 సెంటీమీటర్ల వరకు పోవాలి, అంటే మందానికి పన్నెండింతలు. నిటారుగా గుంత తవ్వి నింపితే కెరటం దెబ్బకి బిళ్లలా ఊడిపోతుంది. ముక్కుకి మాస్కు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. అసిటోన్‌తో తుడిచి, మ్యాట్ పొరలు ఒకదాని మీద ఒకటి వేస్తూ గాలి బుడగలు లేకుండా రోలర్‌తో నొక్కు.

కిలో రెజిన్‌కి కేటలిస్ట్, అంటే దాన్ని గట్టిపరిచే మందు, 10 నుంచి 20 మిల్లీలీటర్లు. మే ఎండలో 10 చాలు, అదీ ఉదయం పూట, కొద్దికొద్దిగా కలుపుకో. లేకపోతే డబ్బాలోనే వేడెక్కి గట్టిపడుతుంది. షాపులో కోబాల్ట్ (రెజిన్ త్వరగా గట్టిపడేలా చేసే ద్రవం) విడిగా ఇస్తే దాన్ని ముందు రెజిన్‌లో బాగా కలిపాకే కేటలిస్ట్ వెయ్యాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే మంట లేస్తుంది, పేలుతుంది. వాటిని ఒకే సంచిలో కూడా పెట్టకు. పిల్లలు ఆడే చోట అసలే వద్దు.

మాసిక గట్టిపడ్డాక మళ్లీ నీలం నీళ్లు పోసి చూడు. ఆ తర్వాత మొదటి రోజు కెరటాలు దాటకు. మొగలో ఒక పూట ఇంజన్ నడిపి, బిరడా దగ్గర, బోల్టుల దగ్గర తడి ఉందేమో చెయ్యి పెట్టి తడిమి చూడు. నీళ్లు తోడే డబ్బా, లైఫ్ జాకెట్లు బోటులోనే ఉండాలి. పలక కదులుతోందో లేదో రేపే చూసి నాకు ఫోన్ చెయ్యి. కదులుతుంటే నేనే వస్తాను, నేను వచ్చేదాకా బోటు నీళ్లలో దింపకు. అక్కకి, పిల్లలకి నా దీవెనలు.

ఇట్లు,
మీ మామయ్య, కళింగపట్నం